లుక్ ఆఫ్టర్ అంటే తరువాత చూడడమా?

ఇంగ్లీషు నేర్చుకొనేవారిని పెద్ద మాటలు అంతగా ఇబ్బంది పెట్టవు. పెద్ద మాట ఎదురైతే నిఘంటువు తీస్తాము, అర్థం చూస్తాము, గుర్తు పెట్టుకొంటాము. ఇబ్బంది అంతా చిన్న మాటలతోనే. 'లుక్' అంటే చూడడం అని చిన్న తరగతి పిల్లవానికి తెలుసు. 'ఆఫ్టర్' అంటే తరువాత అని కూడా వానికి తెలుసు. ఆ రెండూ పక్కపక్కన నిలిచి 'లుక్ ఆఫ్టర్' అయినప్పుడు మాత్రం, తెలిసిన రెండు మాటలు కలిసి ఒక తెలియని మాట అవుతుంది.

'లుక్ ఆఫ్టర్ యువర్ మదర్' అన్న వాక్యాన్ని మాటకు మాట తెలుగులో పెడితే 'మీ అమ్మను తరువాత చూడు' అని వస్తుంది. అసలు అర్థం 'మీ అమ్మను బాగా చూసుకో' అని. రెండింటికీ ఎంత దూరమో చూడండి!

పిల్లవాడు ఇలా అర్థం చెబితే మనం నవ్వి సరిదిద్దుతాము. అయితే ప్రియ చదువరులారా, ఈ తప్పు అర్థం పలక మీదనే కాదు, మన ఇండ్లలో కూడా కనిపిస్తుంది. 'అమ్మ కంటికి ఆపరేషన్ చేయించాలి.' 'పంట చేతికి రానీ, తరువాత చూద్దాం.' 'నాన్న ఒక్కడే ఊళ్లో ఉన్నాడు.' 'పిల్లల పరీక్షలు కానీ, తరువాత చూద్దాం.' ఇలా ఏండ్లు గడిచిపోతున్నాయి. చూసుకోవలసినవారిని తరువాత చూద్దామనుకొంటున్నాము. అందుచేత ఈ చిన్న మాట అర్థాన్ని కాస్త నిదానంగా తెలుసుకొందాము. ముందు భాష సంగతి, ఆ వెనుక ఇంటి సంగతి.

తార్నాక దగ్గరి ఇంగ్లీషు బడి

హైదరాబాదులో తార్నాకకు దగ్గరగా, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో, ఇంగ్లీషు బోధన కొరకే పుట్టిన ఒక సంస్థ ఉన్నది. 1958లో అది సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ అనే పేరుతో ప్రారంభమైంది. కన్నడ కవి వి.కె. గోకాక్ తొలి రోజులలో దానికి డైరెక్టరుగా ఉన్నారు. 1972లో ఇతర విదేశీ భాషలు కూడా చేరి పేరు మారింది. అప్పటి నుండి చాలా కాలం అందరూ దానిని 'సీఫెల్' అని పిలిచారు. 2007లో అది కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఇప్పటి విద్యార్థులు 'ఇఫ్లూ' అంటారు. పేరు ఏదైనా, దేశంలోని ఇంగ్లీషు ఉపాధ్యాయులకు ఈ భాషను ఎలా బోధించాలో నేర్పడం అక్కడ మొదటి నుండి జరుగుతున్న పని.

చుట్టూ ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. ఇంగ్లీషు ఆ రోజులలో అక్కడ ఒక పాఠ్యాంశం మాత్రమే. అదే ఆవరణకు నేడు తెలుగు పల్లెల నుండి వచ్చే పిల్లలు ఇంగ్లీషు కొరకు తంటాలు పడుతున్నారు. హాస్టలులో చోటు దొరకనివారు తార్నాకలో, విద్యానగరులో, నల్లకుంటలో గదులు అద్దెకు తీసుకొని, నలుగురైదుగురు కలిసి వండుకు తింటూ చదువుకొంటారు. ఊళ్లో తొమ్మిదవ తరగతి వరకు వ్యాకరణ సూత్రాలన్నీ వల్లించిన పిల్లవాడు కూడా, తరగతిలో అధ్యాపకుడు గబగబా 'లుక్ ఇంటు ఇట్', 'లుక్ ఇట్ అప్' అంటుంటే తెల్లబోతాడు. క్రియకు ఒక చిన్న మాట తోడై కొత్త అర్థం పుట్టే ఇటువంటి కూర్పులను 'ఫ్రేజల్ వర్బ్స్' అంటారు. లోగన్ పియర్సల్ స్మిత్ అనే రచయిత 1925లో తన గ్రంథంలో ఈ పేరును అచ్చులోకి తెచ్చాడు. పేరు కొత్తదే గాని, వాడుక చాలా పాతది.

చూపు ఒక్కటే, తోడు వేరు

'లుక్' కుటుంబాన్ని ఒకసారి వరుసగా చూద్దాము. 'లుక్ ఎట్' అంటే ఒకదాని వైపు చూడడం. 'లుక్ ఫర్' అంటే వెదకడం. 'లుక్ ఇంటు' అంటే ఒక విషయాన్ని విచారించడం. 'లుక్ అప్' అంటే నిఘంటువులోనో పుస్తకంలోనో తీసి చూడడం. 'లుక్ అప్ టు' అంటే ఒకరిని గౌరవంతో చూడడం. 'లుక్ డౌన్ ఆన్' అంటే చిన్నచూపు చూడడం. 'లుక్ ఫార్వర్డ్ టు' అంటే సంతోషంతో ఎదురుచూడడం. 'లుక్ ఆఫ్టర్' అంటే చూసుకోవడం, బాగోగులు కనిపెట్టుకొని ఉండడం.

ఇదంతా ఇంగ్లీషువారి వింత అనుకోకండి. మన తెలుగు కూడా సరిగ్గా ఇటువంటి పనే చేస్తుంది. ఇంగ్లీషు క్రియకు వెనుక ఒక చిన్న మాట తగిలిస్తే, తెలుగు క్రియకు వెనుక మరొక క్రియ తగిలిస్తుంది. 'చూసిరా' అంటే వెళ్లి చూసి తిరిగి రమ్మని. 'అద్దెకు ఇల్లు చూసిపెట్టు' అంటే నా కొరకు వెదకిపెట్టు అని. అది ఇంగ్లీషులో 'లుక్ ఫర్'. 'చూసీచూడనట్టు పో' అంటే తెలిసినా పట్టించుకోకుండా వదిలివేయమని. 'చూసుకో' అంటే భారం నీదే అని. పరాయివాడు తెలుగు నేర్చుకొంటే ఈ నాలుగు మాటల దగ్గర వాడు పడే పాట్లు, 'లుక్' దగ్గర మన పిల్లలు పడే పాట్లకు తక్కువేమీ కావు. ఈ సంగతి పిల్లలకు చెబితే వారికి భయం సగం తగ్గుతుంది.

ఆఫ్టర్‌లో ఉన్న 'వెంట'

అసలు చిక్కు 'ఆఫ్టర్' దగ్గర వచ్చింది. మనం బడిలో దానికి 'తరువాత' అనే ఒక్క అర్థమే నేర్చుకొన్నాము. 'ఆఫ్టర్ టూ డేస్' అంటే రెండు రోజుల తరువాత. కాని ఆ మాటకు 'వెనుక', 'వెంట' అనే అర్థాలు కూడా ఉన్నాయి. 'రన్ ఆఫ్టర్' అంటే వెంటపడి పరుగెత్తడం. 'టేక్ ఆఫ్టర్' అంటే తల్లినో తండ్రినో పోలి ఉండడం. మనుమడికి తాత పేరు పెడితే 'నేమ్డ్ ఆఫ్టర్ హిజ్ గ్రాండ్‌ఫాదర్' అంటారు. 'ఆస్క్ ఆఫ్టర్' అంటే ఒకరి ఆరోగ్యం, యోగక్షేమాలు అడగడం. మన తెలుగులో దానినే పరామర్శ అంటాము.

కాబట్టి 'లుక్ ఆఫ్టర్'లో ఉన్నది 'వెంట చూపు' అనుకొంటే అర్థం తేలికగా నిలుస్తుంది. బుడిబుడి అడుగులు వేసే బిడ్డ వెనుక తల్లి చూపు ఎలా నడుస్తుంది? బిడ్డ గడప దగ్గరికి పోతే చూపు గడప దగ్గరికి పోతుంది. పొయ్యి దగ్గరికి పోతే చూపు పొయ్యి దగ్గరికి పోతుంది. చేయి పప్పు కడుగుతూనే ఉంటుంది, చూపు మాత్రం బిడ్డను విడువదు. ఆ చూపులో 'తరువాత' అనేదే లేదు.

తెలుగు మరొక దారిన ఇదే చోటికి వచ్చింది. 'చూచు' అనే క్రియకు 'కొను' చేరితే 'చూసుకొను' అవుతుంది. 'వండాడు', 'వండుకొన్నాడు' అన్న మాటలకు భేదం గమనించండి. మొదటివాడు ఎవరికొరకైనా వండి ఉండవచ్చును. రెండవవాడు తన కొరకు వండుకొన్నాడు. 'కొను' చేరినప్పుడు ఆ పని చేసేవానికి తనదవుతుంది. అలాగే అమ్మను చూడడం వేరు, అమ్మను చూసుకోవడం వేరు. చూసుకొనేవాడు ఆ బాధ్యతను తనదిగా చేసుకొంటాడు.

మన పల్లెలలో 'కొను' లేకుండా కూడా ఈ అర్థం పలుకుతుంది. 'పెద్దకొడుకు చూస్తలేడు, చిన్నబిడ్డనే చూస్తున్నది' అని తెలంగాణ పల్లెలో ఒక ముసలమ్మ చెబితే, అక్కడ చూపు సంగతి ఎవరూ అనుకోరు. అన్నం ఎవరు పెడుతున్నారు, మందులు ఎవరు తెస్తున్నారు అన్నదే ఆ మాట. అటు కోస్తాలోనూ 'ముసలితనంలో నన్నెవరు చూస్తారు?' అనే అడుగుతారు. మనవారికి చూడడమంటేనే ఆదుకోవడం.

వాడుకలో తెలుసుకోవలసినవి

పరీక్షలకు, ఉద్యోగాలకు వెళ్లే మన బిడ్డల కొరకు కొన్ని సంగతులు చెప్పుకొందాము.

మొదటిది. 'లుక్', 'ఆఫ్టర్' అనే రెండు మాటలను విడదీసి మధ్యలో మనిషిని పెట్టకూడదు. 'లుక్ హర్ ఆఫ్టర్' అనడం తప్పు. 'లుక్ ఆఫ్టర్ హర్' అనాలి. 'లుక్ అప్' సంగతి వేరు. అక్కడ 'లుక్ ఇట్ అప్' అని విడదీయవచ్చును.

రెండవది. ఉద్యోగం వెదుకుతున్నానని చెప్పబోయి కొందరు 'ఐ యామ్ లుకింగ్ ఆఫ్టర్ ఎ జాబ్' అంటారు. వెదకడానికి 'లుకింగ్ ఫర్' అనాలి. 'లుకింగ్ ఆఫ్టర్ ఫర్' అని రెండూ కలిపితే అది ఏ అర్థానికీ చెందదు.

మూడవది. ఇది మనుషులకే పరిమితమైన మాట కాదు. సామాను, తోట, దుకాణం, పశువులు, లెక్కలు, అన్నిటికీ వాడవచ్చును. 'షీ లుక్స్ ఆఫ్టర్ ద అకౌంట్స్' అంటే లెక్కల బాధ్యత ఆమెది. రైలులో పక్కవారితో 'ప్లీజ్ లుక్ ఆఫ్టర్ మై బ్యాగ్' అంటే ఐదు నిమిషాలు సంచి మీద ఒక కన్నేసి ఉంచమని అడగడం. ఐదు నిమిషాల సంచికి, యాభై ఏండ్ల దాంపత్యానికి ఇంగ్లీషులో ఒకటే మాట!

నాలుగవది. 'బ్రింగ్ అప్' వేరు, 'లుక్ ఆఫ్టర్' వేరు. బిడ్డను పెంచి పెద్ద చేయడం 'బ్రింగ్ అప్'. తల్లి పనికి వెళ్లినప్పుడు నాయనమ్మ మనుమరాలిని చూసుకోవడం 'లుక్ ఆఫ్టర్'. తల్లిదండ్రులు లేని బిడ్డను నాయనమ్మే పెంచితే, ఆమె 'బ్రాట్ అప్' చేసింది అనాలి.

ఐదవది. 'టేక్ కేర్ ఆఫ్' అన్నా దాదాపు ఇదే అర్థం. కాని ఫోను పెట్టేసే ముందు 'టేక్ కేర్' అంటే 'జాగ్రత్త, ఉంటాను' అని వీడ్కోలు చెప్పడం మాత్రమే. వారానికొకసారి తల్లికి ఫోను చేసి చివర 'టేక్ కేర్ మమ్మీ' అన్న కుమారుడు, తల్లిని ఆమె మీదనే వదిలి ఫోను పెట్టేశాడన్నమాట. 'ఐ విల్ టేక్ కేర్ ఆఫ్ యు' అంటేనే భారం అతని మీదికి వస్తుంది.

కోరంటి దవాఖాన వార్డులో

విద్యార్థులు గదులు తీసుకొనే ఆ నల్లకుంటలోనే హైదరాబాదు ఫీవర్ ఆసుపత్రి ఉన్నది. దాని అధికార నామం సర్ రొనాల్డ్ రాస్ పేరుతో ఉంటుంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని 1897లో సికింద్రాబాదులో కనుగొన్న శాస్త్రవేత్త ఆయన. కాని పాతవారెవరిని అడిగినా 'కోరంటి దవాఖాన' అంటారు. 'క్వారంటైన్' అనే ఇంగ్లీషు మాట జనం నోట అరిగి కోరంటి అయింది. నలభై రోజులు అనే అర్థంగల ఇటలీ మాట నుండి వచ్చిన పదమది. అంటువ్యాధి ఉన్నవారిని వేరుగా ఉంచే పద్ధతికి ఆ పేరు వచ్చింది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఊరూరా ఆ మాట మళ్లీ వినిపించింది.

అంటువ్యాధుల వార్డును గూర్చి ఆలోచిస్తే మన మాట మరింత స్పష్టమవుతుంది. రోగిని చూడడానికి వచ్చేవారు వేరు, రోగిని చూసుకొనేవారు వేరు. మొదటివారు పండ్లు తెస్తారు, కాసేపు కూర్చుంటారు, 'ఎలా ఉంది?' అని అడిగి వెళ్తారు. రెండవవారు రాత్రి రెండింటికి లేచి నీళ్లు పడతారు, తడిగుడ్డ వేస్తారు, పక్క మారుస్తారు. మొదటిది 'విజిట్', రెండవది 'లుక్ ఆఫ్టర్'. కరోనా రోజులలో సొంత బిడ్డలు దగ్గరకు రావడానికి వీలులేనప్పుడు ఆ రెండవ పనిని నర్సులు, ఆయాలు, వార్డు బాయిలు చేశారు. వారు రోగులకు రక్త సంబంధులు కారు. అయినా ఆ క్రియకు కర్తలు వారే.

బైబిలులో ఈ మాట నడక

ఇంగ్లీషు బైబిలు చదివేవారు ఒక విశేషం గమనింపవచ్చును. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ అనువాదంలో లూకా సువార్త 21వ అధ్యాయం 26వ వచనంలో 'లుకింగ్ ఆఫ్టర్' అనే మాట ఉన్నది. కాని అక్కడ అర్థం చూసుకోవడం కాదు. రాబోయే సంగతుల కొరకు భయంతో ఎదురుచూడడం. మన తెలుగు బైబిలులో కూడా అక్కడ ఎదురుచూచుట అనే భావమే ఉన్నది. నాలుగు వందల ఏండ్ల క్రిందట ఈ మాటకు అటువంటి వాడుక ఉండేది. నేడు అది పోయింది.

మంచి సమరయుని కథకు వద్దాము. సత్రపు యజమానికి గాయపడినవానిని అప్పగించేటప్పుడు సమరయుడు చెప్పిన మాటకు కింగ్ జేమ్స్ అనువాదం 'టేక్ కేర్' అని వాడితే, 1978లో పూర్తిగా వెలువడిన న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్ 'లుక్ ఆఫ్టర్' అని వాడింది. మన తెలుగులో 'పరామర్శించు' అని ఉన్నది. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చివర, అనాథలను, విధవరాండ్రను గూర్చిన చోట కూడా ఇంతే. పాత ఇంగ్లీషులో 'విజిట్', కొత్త ఇంగ్లీషులో 'లుక్ ఆఫ్టర్', తెలుగులో మళ్లీ 'పరామర్శ'. నేటి వాడుకలో పరామర్శ అంటే ఇంటికి వెళ్లి నాలుగు మాటలు చెప్పి రావడమని అనుకొంటున్నాము. ఆ వచనాలలో దాని బరువు అంతకంటె ఎక్కువ.

సమరయుడు చేసిన పనులను వరుసగా పెట్టి చూడండి. గాయములు కట్టాడు. తన వాహనము మీద ఎక్కించుకొన్నాడు. ఆ రాత్రి తానే దగ్గర ఉన్నాడు. మరునాడు ప్రయాణం తప్పదు గనుక రెండు దేనారములు ఇచ్చి మరొకనికి అప్పగించాడు. ఎక్కువ ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. దూరాన ఉద్యోగం చేసే బిడ్డలకు ఇందులో ఒక దారి కనిపిస్తుంది. హైదరాబాదులో, గల్ఫులో, అమెరికాలో ఉన్నవారు రోజూ తల్లి పక్కన కూర్చోలేరు. నమ్మకస్థుని పెట్టి, ఖర్చు ఇచ్చి చూసుకోవచ్చును. అయితే దగ్గర ఉన్నన్ని రోజులు తన చేతులతో చేయాలి, మళ్లీ వస్తానన్న మాట నిలుపుకోవాలి. డబ్బు ఒక్కటే పంపితే అది ఆ కథలో సగమే అవుతుంది.

ఇంతకూ కర్త ఎవరు?

వ్యాకరణంలో కర్మణి ప్రయోగమని ఒకటి ఉన్నది. 'మై మదర్ ఈజ్ వెల్ లుక్డ్ ఆఫ్టర్' అంటే 'మా అమ్మ బాగా చూసుకోబడుతున్నది' అని. వాక్యం నిండుగానే ఉన్నది, కాని కర్త లేడు. ఎవరు చూసుకొంటున్నారు? ఆ పేరు వాక్యంలో రాదు.

మన ఇండ్లలో కూడా ఆ పేరు చాలాసార్లు రాదు. 'మా అమ్మను నేనే చూసుకొంటున్నాను' అని నలుగురిలో చెప్పే మగవాని ఇంట్లో ఆ ముసలమ్మకు స్నానం చేయించేది కోడలు. దుప్పట్లు ఉతికేది కోడలు. పథ్యం వండేది కోడలు. రాత్రి పిలిస్తే లేచేదీ ఆమే. ఆ కోడలికి జ్వరం వస్తే ఆమెను ఎవరు చూసుకొంటారు? 'లుక్ ఆఫ్టర్ యువర్‌సెల్ఫ్' అని ఇంగ్లీషులో ఒక మంచి మాట ఉన్నది. నిన్ను నీవు చూసుకో అని. మంచం పట్టినవారికి సేవ చేసేవారికి ఆ మాట చెప్పి ఊరుకోకుండా, నెలకు కొన్ని రోజులైనా ఆ పని మరొకరు అందుకోవాలి. భర్త, ఆడబిడ్డ, మరిది, ఎదిగిన మనుమలు, అందరూ ఆ క్రియకు కర్తలు కాగలరు.

కాగితం మీద రాసిన మాట

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరవై ఏండ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. వారిని చూసుకోవడం బిడ్డల దయకు వదిలివేయకుండా 2007లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టమని దాని పేరు. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు కొడుకుల మీద, కూతుళ్ల మీద, పెద్దవారైన మనుమల మీద పోషణ కోరవచ్చును. పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం అని చట్టమే చెప్పింది. మన తెలుగు రాష్ట్రాలలో ఆర్.డి.ఓ. దగ్గర ఉండే ట్రిబ్యునలులో దరఖాస్తు పెట్టుకోవచ్చును. నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చునని ఆ చట్టంలో ఉన్నది. సంరక్షణ బాధ్యత ఉన్నవారు వృద్ధులను పూర్తిగా విడిచిపెట్టే ఉద్దేశంతో ఎక్కడైనా వదిలివేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చును.

పల్లె కుటుంబాలు ముఖ్యంగా తెలుసుకోవలసినది 23వ సెక్షను. చూసుకొంటాడన్న నమ్మకంతో పొలమో ఇల్లో బిడ్డ పేర రాసి ఇచ్చేవారు మనలో చాలామంది. చూసుకోవాలనే షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే రద్దు చేయమని అడిగే హక్కు ఈ సెక్షను ఇస్తుంది. అయితే 2022లో సుప్రీంకోర్టు ఒక కేసులో, అటువంటి షరతు ఉన్నట్టు దస్తావేజులో లేదు గనుక రద్దు కుదరదని చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో, ఆమెను చివరి వరకు చూసుకొంటానని కుమారుడు రాసిచ్చిన కాగితాన్ని కూడా లెక్కలోకి తీసుకొని, దాన దస్తావేజును రద్దు చేసి, ఆస్తి ఆమెకు తిరిగి ఇప్పించింది.

ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చూస్తే పల్లెలోని పెద్దలకు ఒక హెచ్చరిక కనిపిస్తుంది. 'కన్నకొడుకు దగ్గర కాగితమెందుకు?' అని మొగమాటపడి, ఏమీ రాయించకుండా వేలిముద్ర వేయకండి. 'మమ్ములను బ్రతికి ఉన్నంత కాలం తిండి, బట్ట, నివాసం, వైద్యం ఇచ్చి చూసుకోవలెను' అనే మాట దస్తావేజులోనే రాయించండి. మంచి బిడ్డకు దానివలన నష్టం లేదు. సహాయం అవసరమైన వృద్ధులు 14567 అనే నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చును.

చట్టం తిండి ఇప్పించగలదు. నెల నెలా డబ్బు కట్టించగలదు. 'అమ్మా, ఇవాళ మోకాలి నొప్పి ఎలా ఉంది?' అని అడిగించడం మాత్రం ఏ ట్రిబ్యునలు వలనా కాదు. అది ఇంటిలోనే నేర్చుకోవాలి. పిల్లలు చూసి నేర్చుకొంటారు. నాయనమ్మకు కంచం ఎలా పెడుతున్నామో, తాతయ్య ఒకే సంగతిని నాలుగవసారి చెబుతుంటే ఎలా వింటున్నామో వారు గమనిస్తూనే ఉంటారు.

ఈ నెల అభ్యాసం

చివరగా చదువరులకు ఒక చిన్న అభ్యాసం. ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు పిల్లవాని నోటుపుస్తకంలో ఒక వాక్యం రాయించండి. తెలుగులోనైనా సరే, ఇంగ్లీషులోనైనా సరే. మొదట కర్త పేరు, తరువాత 'లుక్స్ ఆఫ్టర్', ఆపైన ఎవరిని చూసుకొంటున్నారో వారి పేరు. మీ ఇంట్లో పెద్దవారు ఎందరుంటే అన్ని వాక్యాలు. ఊళ్లో ఒంటరిగా ఉన్న మేనత్తకు ఒకటి. బిడ్డలు లేని చిన్నాయనకు ఒకటి. సంఘంలో ఎవరూ లేని విధవరాలికి ఒకటి.

ఏ వాక్యంలోనైనా కర్త చోటు ఖాళీగా మిగిలితే, అక్కడ ఒక పేరు నింపే వరకు పుస్తకం మూయకండి. ఆ పని కూడా తరువాత చూద్దామనుకోకండి.